ప్రీమియర్ లీగ్‌కి ఎక్కాక సీజన్ టికెట్ ధర: అపోహలు, వాస్తవాలు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో రెండో అంచె లీగ్ అయిన ఛాంపియన్‌షిప్ నుంచి ఏటా మూడు జట్లు అన్నిటికంటే పై లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌కి ఎక్కుతాయి. మొదటి రెండూ నేరుగా, మూడోది లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ప్లేఆఫ్ ఫైనల్ గెలిచి. ఎక్కిన వారం ఊరంతా పండగే. ఆ తర్వాత కొత్త సీజన్ టికెట్ (సీజన్‌లో సొంత మైదానంలో జరిగే లీగ్ మ్యాచ్‌లన్నిటికీ కలిపి ఒకే టికెట్) ధరలు బయటికొస్తాయి, ఇక మా టికెట్ ఆఫీసులో ఫోన్లు ఆగవు. ఎక్కడాలు, దిగడాలు లేని ఐపీఎల్ చూసి పెరిగినవాళ్లం కాబట్టి, ఇక్కడ స్థిరపడి ఊరి క్లబ్బుకి టికెట్ కొనే మన తెలుగువాళ్లకి ఈ లెక్కలు అంత తొందరగా అంతుపట్టవు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా, ఈ అపోహలు వాళ్ల నోటా వింటూనే ఉంటాను.

అపోహ: పై లీగ్‌లో ఖర్చు ఎక్కువ, అది టికెట్ల మీదే రాబట్టాలి.

ఖర్చు ఎక్కువన్నది నిజం. టికెట్ల మీద రాబట్టాలన్నది కాదు. 2023-24లో చిట్టచివరన నిలిచిన షెఫీల్డ్ యునైటెడ్‌కి కూడా ప్రీమియర్ లీగ్ పంపకంలో దాదాపు 11 కోట్ల పౌండ్లు ముట్టాయి. ఇందులో సింహభాగం టీవీ డబ్బు. ఇప్పుడు మన లెక్క చూడండి. 20,000 మంది సీజన్ టికెట్‌దారుల మీద తలా 50 పౌండ్లు వేస్తే వచ్చేది 10 లక్షలు. టికెట్ మీద వ్యాట్ 20 శాతం ఉంది కాబట్టి, అందులో ఆరో వంతు సర్కారుకి పోగా క్లబ్బుకి మిగిలేది 8 లక్షల 33 వేలు. వారానికి 40,000 పౌండ్ల జీతంతో జూలై మొదట్లో ఒక ఆటగాణ్ని తీసుకుంటే, నవంబరు నెలాఖరుకల్లా ఆ సొమ్ము మొత్తం అతని ఒక్కడి జీతానికే హారతి కర్పూరం.

చిన్న స్టేడియాల సంగతి కాస్త వేరు. 2023లో ఎక్కిన ల్యూటన్ టౌన్‌నే తీసుకోండి. కెనిల్‌వర్త్ రోడ్ అనే వాళ్ల పాత మైదానంలో బయటి జట్టు అభిమానులు వరస ఇళ్ల మధ్య నుంచి, ఎవరి పెరట్లో బట్టలు ఆరేశారో చూసుకుంటూ మెట్లెక్కి లోపలికి వెళ్తారు. టీవీ కెమెరాలకి, విలేకరులకి ప్రీమియర్ లీగ్ అడిగిన వసతులు అక్కడ లేవు. ఒక స్టాండ్‌ని దాదాపు పునాదుల నుంచి మళ్లీ కట్టారు. ఆ పని తెమలక బర్న్‌లీతో ఆడాల్సిన తొలి హోమ్ మ్యాచ్ వాయిదా పడింది. ఇలాంటి ఖర్చు నిజమైన ఖర్చే, కాదనను. అయితే అది కూడా టీవీ డబ్బులో చిన్న ముక్కే.

మరి ధర ఎందుకు పెంచుతారు? పెంచినా కొంటారు కాబట్టి. జట్టు ఎక్కగానే వెయిటింగ్ లిస్టు పెరుగుతుంది, సీట్లు మాత్రం అన్నే ఉంటాయి. ధరల మీటింగుల్లో ఖర్చుల కంటే ఆ లిస్టు పొడవు గురించే ఎక్కువ మాట్లాడతారు.

అపోహ: "ధర మార్చలేదు" అని ప్రకటిస్తే పెంచనట్టే.

అన్నిటికంటే ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఛాంపియన్‌షిప్‌లో 24 జట్లు, అంటే ఒక్కో జట్టుకి 23 హోమ్ మ్యాచ్‌లు. ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు, 19 హోమ్ మ్యాచ్‌లు. నిరుడు 460 పౌండ్లు కట్టారంటే మ్యాచ్‌కి 20 పడింది. ఈ ఏడూ అదే 460 అంటే మ్యాచ్‌కి 24 పైచిలుకు, అంటే 21 శాతం పెంపు. నిజంగా మార్చకపోతే ఆ టికెట్ 380కి రావాలి. మ్యాచ్‌లు తగ్గాయి కాబట్టి ధర తగ్గిద్దామని ఏ మీటింగులోనూ ఎవరూ అనగా నేను వినలేదు. క్లబ్బు కింది లీగ్‌కి దిగినప్పుడు మాత్రం "ఇప్పుడు నాలుగు మ్యాచ్‌లు అదనం" అని పోస్టర్ వేస్తారు!

ఇంకో దారి కూడా ఉంది. ధరల పట్టికలో పై వరసలు కదలవు, కింద చిన్న అక్షరాలు కదులుతాయి. ఒక పెద్దాయన ఫోన్ చేసి, పెంచలేదన్నారు కదా, నా బిల్లు ఇంతెందుకయిందని అడిగారు. గోల్‌పోస్ట్ వెనక మూల సీటు ఆయనది. వాన ఏటవాలుగా కొడితే మోకాళ్లు తడిసే మూడో వరస. స్క్రీన్ మీద సీట్ల మ్యాప్ తెరిచాను. నిరుటిదాకా ఆకుపచ్చగా ఉన్న ఆ బ్లాక్ నారింజ రంగులోకి మారింది. నారింజ బ్లాకుల్లో వృద్ధుల రాయితీ లేదు. ఆకుపచ్చ ధర పెరగలేదు, నారింజ ధరా పెరగలేదు. ఆయన సీటు రంగే మారింది. రాయితీ కావాలంటే అవతలి చివరికి మారమని చెప్పాలి. మా స్క్రిప్టులో ఉన్నది అదే, చెప్పాను. అక్కడ పక్కన ఎవరుంటారమ్మా అన్నారాయన. దానికి స్క్రిప్టులో జవాబు లేదు.

అపోహ: ఎక్కిన ప్రతి క్లబ్బూ పెంచక తప్పదు.

2017లో హడర్స్‌ఫీల్డ్ టౌన్ ఎక్కింది. వయోజనుల సీజన్ టికెట్ 199 పౌండ్లకే అమ్మారు, మ్యాచ్‌కి పదిన్నర అన్నమాట. ఏళ్ల తరబడి విడవకుండా టికెట్ కొంటూ వచ్చినవాళ్లకి, పై లీగ్‌కి ఎక్కితే 100 పౌండ్లకే ఇస్తామని ఛైర్మన్ డీన్ హోయిల్ ముందే మాట ఇచ్చారు, నిలబెట్టుకున్నారు. ఆ సీజన్‌లో జట్టు 16వ స్థానంలో నిలిచి లీగ్‌లోనే మిగిలింది. రెండేళ్లకి దిగిపోయింది కానీ, అది గోల్స్ కొట్టలేక. టికెట్ చవకైనందుకు కాదు.

అపోహ: గిరాకీ ఉంటే పెంచడం వ్యాపార ధర్మం.

పెద్ద సినిమాకి మన దగ్గర మొదటి వారం రేటు పెంచుతారు, తర్వాత మామూలుకి దించుతారు. నచ్చకపోతే పక్క హాల్లో ఇంకో సినిమా ఉంటుంది. తాత ముత్తాతల నుంచి ఒకే క్లబ్బుని పట్టుకున్నవాడికి పక్క హాలు లేదు. వదిలేస్తే ఆ సీటు వెయిటింగ్ లిస్టులో మొదటివాడికి పోతుంది, మళ్లీ కావాలంటే ఇతనే లిస్టు చివర నిలబడాలి. క్లబ్బుకి ఇది బాగా తెలుసు.

అపోహ: జనం నిలబడి చూసే చోట కుర్చీలు వేయడం వల్లే ధరలు ఆకాశానికెళ్లాయి, ఆ సలహా ఇచ్చింది టేలర్ రిపోర్టే.

సగం నిజం. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాట 97 మందిని బలి తీసుకుంది. దాని మీద విచారణ జరిపి 1990లో ఇచ్చిన టేలర్ రిపోర్టు అందరికీ సీట్లుండాలంది. నిలబడి చూసేవాళ్ల జేబుకి తగ్గట్టే చవక సీట్ల ధర ఉండొచ్చని కూడా అదే రిపోర్టు చెప్పింది. గ్లాస్గోలోని ఐబ్రాక్స్ స్టేడియంలో సీటు 6 పౌండ్లు, నిలబడితే 4 అని ఉదాహరణ కూడా ఇచ్చింది. మొదటి సలహా అమలైంది, రెండోదాన్ని గాలికొదిలేశారు.

అపోహ: అరిచి లాభం లేదు.

2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ కొత్త స్టాండ్‌లో ఒక్క మ్యాచ్‌కి 77 పౌండ్ల టికెట్ పెడతామంది. సండర్‌లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి వేలమంది లేచి వెళ్లిపోయారు. అప్పటికి 2-0తో ఆధిక్యంలో ఉన్న జట్టు చివరికి 2-2తో సరిపెట్టుకుంది. కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. బయటి జట్టు అభిమానుల టికెట్‌కి ప్రీమియర్ లీగ్‌లో 30 పౌండ్ల పరిమితి వచ్చింది కూడా అభిమానుల పోరాటం వల్లే, 2016-17 నుంచి. లివర్‌పూల్ కొత్తగా ఎక్కిన క్లబ్బు కాదు, దాని బలం వేరు, ఒప్పుకుంటాను. కొత్తగా ఎక్కిన ఊళ్లో సంబరం మధ్య కోపం కూడగట్టడం కష్టం. ధరలు ఆ వారాల్లోనే ప్రకటించడం వెనక ఈ లెక్క కూడా ఉంటుంది.

అపోహ: ధర మా కౌంటర్లో నిర్ణయిస్తారు.

లేదు. దయచేసి మా మీద అరవకండి.

అపోహ: ఎక్కుతుందో లేదో తేలాకే కొనడం తెలివి.

చాలా క్లబ్బుల్లో ఎర్లీ బర్డ్ ధర (ముందుగా కొనేవాళ్లకి ఇచ్చే తగ్గింపు ధర) సీజన్ ముగియకముందే, వసంతంలోనే మొదలవుతుంది. కొన్ని క్లబ్బులు ఎక్కితే ఒక ధర, ఎక్కకపోతే ఒక ధర అని రెండూ అప్పుడే వేస్తాయి. కొన్ని ఒకే ధరకి కట్టుబడతాయి. రెండో రకమైతే తేలకముందే కొనండి. మొదటి రకమైతే, జట్టు ఎక్కాక తేడా సొమ్ము మళ్లీ కట్టాలా, వద్దనుకుంటే డబ్బు వాపసిస్తారా అని నిబంధనల్లో చూసుకోండి. వాయిదాల్లో కట్టేవాళ్లు వడ్డీ ఎంతో కూడా చూడండి. చాలాచోట్ల ఆ అప్పు ఇచ్చేది క్లబ్బు కాదు, బయటి ఫైనాన్స్ కంపెనీ. మధ్యలో సీటు వదులుకున్నా వాయిదాలు ఆగవు.