టేకు మొక్కల కాగితం

కావలి,
ఆదివారం పొద్దున.

పెద్దోడికీ చిట్టికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి నాకు సగమే అర్థమైంది. పెద్దోడికి వక్తృత్వ పోటీ ఉంది, వినేవాళ్లని పడగొట్టే టెక్నిక్కులు కావాలి. చిట్టినేమో ఏదో కాలేజీ పీఆర్వో రోజూ ఫోన్ చేసి, ఇంటర్‌లో ఇప్పుడే చేరిపొమ్మని టెన్షన్ పెడుతున్నాడు. నా లెక్కలో రెండూ ఒకటే సంగతి. అందుకే ఇద్దరికీ ఒకటే ఉత్తరం.

ఒకరి మాట మనల్ని ఎందుకు ఒప్పిస్తుందన్న దానికి గ్రీకు దేశపు అరిస్టాటిల్ 2,300 ఏళ్ల కిందటే మూడు దారులు చెప్పాడు. చెప్పే మనిషి మీద గురి, వినేవాళ్ల మనసులో కదలిక, మాటలో ఉన్న తర్కం. ఈథోస్, పాథోస్, లోగోస్ అని వాటి పేర్లు. పోటీలో ఈ పేర్లు వల్లిస్తే జడ్జీలు తలూపుతారేమో గానీ, వాటిని చూడాలంటే గ్రీకు దేశం దాకా పోనక్కర్లేదు. మన నెల్లూరు రాజు మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన రాసిన ఉద్యోగపర్వం చాలు.

కృష్ణుడు రాయబారానికి బయలుదేరుతున్నాడు. ధర్మరాజు సంధి కావాలంటాడు. చివరికి భీముడు కూడా మెత్తబడతాడు. అప్పుడు ద్రౌపది లేస్తుంది. చంపకూడనివాణ్ణి చంపితే ఎంత పాపమో, చంపాల్సినవాణ్ణి వదిలేసినా అంతే పాపం కదా అని అడుగుతుంది. ఇది తర్కం. తర్వాత తను ఎవరి కూతురో, ఎవరి చెల్లెలో, ఏ ఇంటి కోడలో చెప్పుకుంటుంది. అంటే ఈ మాట అనడానికి తనకున్న హక్కు చూపిస్తోంది. అన్నీ అయ్యాక, దుశ్శాసనుడు పట్టి ఈడ్చిన జుట్టు చేత్తో పట్టుకుని, సంధి మాట వచ్చినప్పుడు దీన్ని తలుచుకోమంటుంది. ఆ జుట్టు మొదటే చూపించి ఉంటే? ఏడుపు అని తోసెయ్యడానికి వీలుండేది. చివర్లో చూపించింది కాబట్టి ఎవరూ తోసెయ్యలేకపోయారు. పెద్దోడా, నువ్వు అడిగిన టెక్నిక్కుల్లో నాకు తెలిసిన పెద్దది ఈ వరసే.

ఇక నా కళ్లారా చూసింది చెబుతా. 1991 ప్రాంతంలో మన జిల్లాలో పెద్దవాళ్లకి చదువు నేర్పే అక్షర దీపం కార్యక్రమం నడిచింది. నాకప్పుడు 28 ఏళ్లు. కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు అన్నాలయ్యాక రామాలయం అరుగు మీదికి పలకలు పట్టుకొచ్చేవాళ్లు. ఒకరోజు నేను తెలివిగా బోర్డు మీద లెక్క వేశాను. సారాకి రోజుకు 10 రూపాయలు పోతే నెలకు 300, ఏడాదికి 3,600. ఈ డబ్బుతో ఏమేం కొనుక్కోవచ్చో కూడా రాశాను. అందరూ చూశారు. ఒకామె ఆవలించింది. నా లెక్కలో తప్పు లేదు గానీ, అది వాళ్లకి కొత్త సంగతి కాదు. ఆ డబ్బు పోయేది వాళ్ల చేతుల్లోంచే.

తర్వాత వాచకంలో సీతమ్మ కథ వచ్చింది. సారా వల్ల చితికిన కాపురం, ఊరి ఆడవాళ్లంతా కలిసి సారా కొట్టు మూయించడం. వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివారు. ఆవలించినామె పుస్తకం మూసేసి, "సీతమ్మ చేస్తే మనకేం రోగం?" అంది. ఆ ఒక్క ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పనక్కర్లేని ప్రశ్న అది. జవాబు లోపలే పుడుతుంది. కలిగిరి దగ్గర దూబగుంటలో రోశమ్మా వాళ్లూ సారా మీద లేచింది ఆ రోజుల్లోనే. 1993 అక్టోబరుకల్లా రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. కథ ఒక్కటే ఇదంతా చేసిందని నేననను. లోపల ఎండుగడ్డి ఎప్పటినుంచో ఉంది, కథ అగ్గిపుల్ల అయింది.

అయితే కథలూ కన్నీళ్లూ మోసం చేస్తాయి, లెక్కలు మాత్రం నిజం చెబుతాయి అని మీ టీచర్లు చెప్పొచ్చు. నన్ను నిలువునా ముంచింది లెక్కే.

సారా గొడవ సద్దుమణిగిన రెండు మూడేళ్లకు, నేను టీచర్‌గా ఉన్న స్కూలుకి ఒకాయన టేకు మొక్కల పథకం పట్టుకొచ్చాడు. మనిషి మర్యాదస్తుడు. ఇంటికి పిలిస్తే చేపల పులుసుతో అన్నం తిని, చెయ్యి కడుక్కోకముందే "మా అమ్మ చేతి పులుసు గుర్తొచ్చిందండీ" అన్నాడు. మా హెడ్‌మాస్టర్ 20 మొక్కలు తీసుకున్నారన్నాడు. మీ అమ్మ అప్పుడు చిన్నపిల్ల. ఆమె వంక చూసి, "పాప పెళ్లినాటికి చెట్టు చేతికొస్తుంది" అన్నాడు. ఇంతవరకూ నేను గట్టిగానే ఉన్నా. అప్పుడు కాగితం తీసి లెక్క వేశాడు. మొక్క 1,000 చొప్పున 10 మొక్కలకి 10,000. ఇరవై ఏళ్లకి చెట్టు 50,000 పలికితే 5 లక్షలు. నేను లెక్కల టీచర్ని. గుణకారం సరిచూశా. సరిగ్గానే ఉంది. మూడు నెలల జీతం తీసిచ్చా.

చెట్టు 50,000 పలుకుతుందని ఎవరు చెప్పారు? ఆయనే. పదికి పది మొక్కలూ బతుకుతాయా? నీళ్లెవరు పోస్తారు? టేకు చేవ పట్టడానికి ఎన్నేళ్లు కావాలి? ఆ పొలం ఎక్కడుంది? ఇవేవీ అడగలేదు. మూడో ఏడు మీ తాతయ్య నెల్లూరు వెళ్లి చూస్తే ఆఫీసు లేదు, బోర్డు ఊడదీసిన మేకులున్నాయంతే. తాతయ్య నన్నొక్క మాట అనలేదు. "లెక్క మాత్రం భలే కుదిరిందే" అన్నారు. పొగిడినట్టే తిట్టడాన్ని వ్యాజస్తుతి అంటారు, మీ తెలుగు పుస్తకంలో అలంకారాల్లో ఉంటుందేమో చూడండి. ఉదాహరణ మాత్రం ఇది రాయొద్దు.

చిట్టీ, ఇప్పుడు నీ పీఆర్వో దగ్గరికొద్దాం. ఫ్లెక్సీ మీద "1, 1, 1, 2, 2, 3" అని ర్యాంకులు. టీవీలో అయితే ఒకటీ ఒకటీ ఒకటీ అని ఒకటే కేక. అన్నదే అనడం వల్ల చెవిలో దిగబడుతుంది. ఆ ర్యాంకులు నిజమే అనుకో. ఎంతమంది రాస్తే ఆ కొద్దిమందికి వచ్చాయో మాత్రం ఫ్లెక్సీలో ఎక్కడా చోటు మిగల్లేదు. నా టేకు లెక్కలో ఎన్ని మొక్కలు బతుకుతాయో లేనట్టే. "మీ అమ్మాయి భవిష్యత్తు మీకు ముఖ్యం కాదా మేడమ్?" అని మీ అమ్మని అడిగాడన్నావు. రామాలయం అరుగు మీద వేసిన ప్రశ్నా ఇదీ పైకి ఒకే బాపతు. అక్కడ అడిగినామె అందరితో పాటు తనూ కొట్టు ముందు నిలబడింది. ఇక్కడ ముఖ్యమే అంటే ఫీజు కట్టాలి, కాదంటే తల్లే కాదు. పైగా ఫీజు అనడు, పెట్టుబడి అంటాడు. రెండే సీట్లున్నాయంటాడు. పోయిన వారం కూడా రెండే అన్నాడు కదా?

ప్రకాశం పంతులుగారి సంగతి మీకు తెలిసిందే. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకుల ముందు రొమ్ము చూపించారు. అంతకుముందే బాగా సాగుతున్న ప్రాక్టీసు వదిలేసుకున్న బారిస్టరు. ఆ రోజు ఆయన ఏమన్నారన్నది కాదు, తన దగ్గరున్నది పణంగా పెట్టి నిలబడ్డారు. అంతమాత్రాన చెప్పిన ప్రతిదీ నిజమైపోదు, నిజమే. కానీ ఆగి వినాలనిపిస్తుంది. నా మాట తప్పయితే నాకేం పోతుంది అన్న ప్రశ్న టేకు మొక్కలాయనకి లేదు.

పెద్దోడా, నీ స్పీచ్‌లో అప్పుల గురించి "సముద్రమంత సమస్య" అని రాశావు. అది తీసెయ్. సముద్రమంత అంటే ఎవరికీ ఏమీ కనపడదు. తుమ్మలపెంటలో అల వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసుక జారుతుందే, నువ్వు కేక పెట్టి నా చెయ్యి పట్టుకున్నావే, అప్పు అట్లా ఉంటుందని చెప్పు. సముద్రం చూడని జడ్జీ ఉంటే వేరే పోలిక వెతుక్కో. అతిశయోక్తి వాడితే వినేవాళ్లకి కూడా అది అతిశయోక్తేనని తెలిసేటట్టు వాడు. ప్రాసలు రెండు చాలు. మూడోదానికి పెళ్లి కార్డులా ఉంటుంది.

చిట్టీ, ఈసారి ఫోన్ వస్తే పోయినేడాది ఎంతమంది చేరారు, మధ్యలో ఎంతమంది మానేశారు అని మర్యాదగా అడుగు. ఏమన్నాడో నాకు రాయి, మాటకి మాట.

టేకు మొక్కల కాగితం ఇంకా ట్రంకుపెట్టెలోనే ఉంది. దసరాకి వచ్చినప్పుడు చూపిస్తా. చెట్టు బొమ్మా, ఎర్ర ముద్రా, వంకర లేని సంతకమూ, భలే అందంగా ఉంటుంది.

మీ అమ్మమ్మ