చపాతీ మానేస్తే సరిపోదు: సీలియాక్ వ్యాధిపై అపోహలు - వాస్తవాలు

సీలియాక్ అంటే గోధుమ, బార్లీ వంటి ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ తిన్నప్పుడు ఒంటి రక్షణ వ్యవస్థే చిన్నపేగును దెబ్బతీసే జబ్బు. సీలియాక్ అని రిపోర్టు రాగానే మన ఇళ్లలో వినిపించే మొదటి మాట: "పోనీలే, మనం అన్నం తినేవాళ్లమే కదా, చపాతీ మానేస్తే సరి." ఆర్నెల్లు గడుస్తాయి. రక్తపరీక్షలో యాంటీబాడీలు (ఈ జబ్బును పట్టిచ్చే రక్షణ ప్రోటీన్లు) ఉన్నచోటే ఉంటాయి. రోగి చపాతీ ముట్టలేదన్నది నిజమే. కానీ ఇంగువ డబ్బాలో, పిండి మరలో, బజ్జీల మూకుడులో ఉన్న గోధుమ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. అన్నం తినే ఇంట్లో ఎక్కువగా దెబ్బ తీసేది కంటికి కనబడని గోధుమే.

అపోహ: ఇది ఉత్తరాది జబ్బు, మనకు రాదు

ఈ మాటలో సగం నిజం ఉంది. 2016లో వెలువడిన ఒక పెద్ద భారతీయ అధ్యయనంలో సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాదిన 1.23 శాతం మందిలో, దక్షిణాదిన 0.10 శాతం మందిలో కనిపించాయి. అయితే ఈ జబ్బు రావడానికి ఉండాల్సిన జన్యువులు, అంటే హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8, రెండు చోట్లా ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్నాయి. పెద్ద తేడా కంచంలోని గోధుమలో కనిపించింది. షుగర్ వచ్చిందని రాత్రిపూట అన్నం మాని చపాతీలకు మారిన ఇళ్లు, పిల్లల టిఫిన్ డబ్బాల్లో బ్రెడ్డు, నూడుల్స్ మన దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కేసుకోండి. జన్యువు ఎప్పటినుంచో ఉంది, గోధుమ ఇప్పుడు వచ్చి చేరుతోంది.

అపోహ: విరేచనాలు లేకపోతే సీలియాక్ కాదు

చాలామందిలో విరేచనాలే ఉండవు, కొందరికైతే మలబద్ధకం. ఐరన్ మాత్రలు నెలల తరబడి మింగినా హిమోగ్లోబిన్ పెరగకపోవడం, పిల్లలు తోటివాళ్ల ఎత్తు అందుకోకపోవడం, మాటిమాటికీ నోటిపూత, చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారడం, కారణం తెలియని గర్భస్రావాలు, లివర్ ఎంజైములు కొద్దిగా పెరిగి ఉండటం కూడా దీని గుర్తులే. మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద భరించలేని దురదతో వచ్చే నీటి పొక్కులు కూడా సీలియాక్ రూపమే కావచ్చు. వాటిని గజ్జి అనుకుని ఏళ్లపాటు మలాములు రాసేవాళ్లుంటారు. టైప్ 1 డయాబెటిస్, ఆటోఇమ్యూన్ థైరాయిడ్ ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ.

అపోహ: ముందు గోధుమ మానేసి చూద్దాం, తగ్గితే అదే జబ్బు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే సలహా ఇదే.

గ్లూటెన్ తింటున్నంత కాలమే శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుంది. మానేశాక అవి తగ్గుతూ పోతాయి, పేగు గోడ మానడం మొదలవుతుంది. అప్పుడు పరీక్ష చేయిస్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు. పైగా గోధుమ మానితే కడుపు తేలికపడటం సీలియాక్ ఒక్కదానికే ప్రత్యేకం కాదు. ఐబీఎస్ (పేగు దెబ్బతినకుండానే కడుపునొప్పి, ఉబ్బరం పెట్టే సమస్య) ఉన్నవాళ్లకూ అలాగే ఉంటుంది, ఎందుకంటే గోధుమలో గ్యాస్ పుట్టించే ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు ఉంటాయి. గోధుమ ఎలర్జీ మరో జబ్బు. తిన్న కాసేపటికే దద్దుర్లు, ఆయాసం రావడం దాని తీరు.

సరైన వరుస ఇది. మామూలుగా గోధుమ తింటూనే టీటీజీ ఐజీఏ రక్తపరీక్ష (సీలియాక్ యాంటీబాడీలను వెతికేది), దాంతోపాటు మొత్తం ఐజీఏ (ఒక రకం యాంటీబాడీ) పరీక్ష చేయించాలి. రెండోది ఎందుకంటే, సీలియాక్ ఉన్నవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికి అసలు ఐజీఏనే తక్కువగా ఉంటుంది, మొదటి పరీక్ష తప్పుగా నెగెటివ్ చూపిస్తుంది. టీటీజీ పాజిటివ్ వస్తే ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి ముక్కలు తీస్తారు. ఒకటో రెండో చాలవు. డుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం పేరు ఇదే) రెండో భాగం నుంచి కనీసం నాలుగు, దాని మొదట్లో ఉండే బల్బు నుంచి ఒకటి రెండు కావాలి. దెబ్బ అక్కడక్కడ మచ్చలుగా ఉండొచ్చు, ఒక్క ముక్కలో దొరక్కపోవచ్చు.

ఇప్పటికే మానేసి ఉంటే? డాక్టరు పర్యవేక్షణలో మళ్లీ తినాలి. రోజుకు కనీసం 3 గ్రాముల గ్లూటెన్, అంటే ఒక చపాతీ కంటే కాస్త ఎక్కువ, రెండు వారాలకు తగ్గకుండా, ఓర్చుకోగలిగితే ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా. మొదటే మానకుండా ఉంటే ఈ బాధ తప్పేది.

అపోహ: ఎప్పుడైనా కాస్త తింటే ఏం కాదు

లెక్క చూద్దాం. చపాతీకి 30 గ్రాముల పిండి పడుతుందనుకుంటే అందులో గ్లూటెన్ సుమారు రెండున్నర గ్రాములు. సీలియాక్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు ఫర్వాలేదు. రోజూ 50 మిల్లీగ్రాములు మూడు నెలలు ఇస్తే పేగు దెబ్బతింటుందని చూశారు. అంటే చపాతీని 250 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క రోజంతటికీ హద్దు. కొందరికి ఇంత తగిలినా కడుపులో ఏమీ తెలియదు. బాధ లేదంటే దెబ్బ లేదని కాదు.

అపోహ: మన వంటల్లో గోధుమ ఎక్కడుంది?

ఇంగువతో మొదలుపెడదాం. అంగట్లో దొరికే పొడి ఇంగువ చాలావరకు కలిపి తయారుచేసినదే: అసలు ఇంగువ బంక కొంత, తుమ్మబంక కొంత, మిగతాది పిండి. ఆ పిండి చాలాసార్లు మైదా, కొన్నిట్లో బియ్యప్పిండి. డబ్బా వెనక పదార్థాల జాబితాలో "గోధుమ పిండి" ఉందేమో చూడాలి. పావు టీస్పూను, అంటే అర గ్రాము పైచిలుకు ఇంగువలో సగం మైదా అనుకున్నా, చారు గిన్నె మొత్తానికి 25 మిల్లీగ్రాముల దాకా గ్లూటెన్ చేరుతుంది. నలుగురు పంచుకుంటే మనిషికి ఆరు. అదొక్కటే అయితే సరే. పప్పు తాలింపులో, పచ్చట్లో, అప్పడంలో, పులిహోరలో కూడా అదే ఇంగువ. సాయంత్రానికి పది దాటుతుంది. బియ్యప్పిండితో చేసినది లేదా ముద్ద ఇంగువ తెచ్చుకుంటే ఈ లెక్కే అక్కర్లేదు, కాకపోతే ముద్ద ఇంగువ మీద కూడా లేబుల్ చదవాలి.

తర్వాత పిండి మర. జొన్నలు, రాగులు, సజ్జలు, కొర్రలు, సామలు, బియ్యం, వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. కానీ మీ జొన్నలకు ముందు ఎవరివో గోధుమలు ఆడించి ఉంటారు. రాళ్ల మధ్య, గొట్టంలో, గుడ్డ సంచిలో మిగిలిన పిండి మీ డబ్బాలోకి దిగుతుంది. ముందు బియ్యం వేసి కడిగేశాం అని మరవాళ్లు అంటారు, దాన్ని నమ్ముకోవద్దు. ఇంట్లో గోధుమలు ఎప్పుడూ వేయని చిన్న మర ఉంటే మంచిది, లేదంటే మిక్సీ. ఆడించే ముందు జొన్నలను తెల్లటి పళ్లెంలో పరిచి చూడండి. విడిగా కొన్న గింజల్లో గోధుమ గింజలు కనబడితే ఆశ్చర్యపోకండి. ఏరి, రెండు మూడుసార్లు కడిగి, ఎండబెట్టి అప్పుడు ఆడించాలి.

రొట్టె విరిగిపోతోందని జొన్నపిండిలో గుప్పెడు గోధుమపిండి కలిపే అలవాటు కూడా ఉంది. గ్లూటెన్ పని ఏమిటో అక్కడే తెలుస్తుంది. మైదా ముద్దను కుళాయి కింద పట్టి పిసికితే గంజి కొట్టుకుపోయి చేతిలో రబ్బరులా సాగేది మిగులుతుంది, అదే గ్లూటెన్. జొన్నలో అది లేదు కాబట్టి చల్లటి నీళ్లతో కలిపితే అంచులు పగులుతాయి. గ్లాసు పిండికి గ్లాసు కంటే కాస్త తక్కువ మరిగే నీళ్లు పోసి, గరిటెతో కలిపి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఆగండి. పిండిలోని గంజి ఉడికి జిగురు వస్తుంది. వేడి ఓర్చుకోగలిగినప్పుడే అరచేతి మడమతో బాగా మర్దించి, ఒక్కో ఉండే తీసుకుని చేత్తో తట్టాలి. ముద్ద చల్లారితే మళ్లీ పగుళ్లే.

ఇక రవ్వ. ఇడ్లీ రవ్వ, బియ్యం రవ్వ వరివి. బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, మామూలు సేమియా గోధుమవి. విడిగా అమ్మే కొట్టులో అన్నిటికీ ఒకటే డబ్బా, ఒకటే త్రాసు, కాబట్టి ఇడ్లీ రవ్వ ప్యాకెట్‌లోదే కొనండి. పెసరట్టు మంచిదే, లోపల ఉప్మా పెడితే కాదు. మైసూర్ బజ్జీ మైదాతో చేస్తారు. గారె, మిర్చి బజ్జీ దినుసుల్లో గోధుమ లేకపోయినా, అదే మూకుడులో అంతకుముందు మైసూర్ బజ్జీలు, పూరీలు వేగి ఉంటాయి. కాగే నూనెలో గ్లూటెన్ చచ్చిపోతుందనుకుంటారు. అది క్రిమి కాదు చావడానికి, ప్రోటీన్. హలీంలో గోధుమలే అసలు దినుసు. బిర్యానీ దమ్ముకు మూత చుట్టూ పెట్టే ముద్ద కూడా గోధుమపిండే. ఇంట్లో చేస్తే ఫాయిల్ చుట్టి పైన బరువు పెట్టుకోండి. పండక్కి అరిసెలు, సున్నుండలు, సకినాలు, పూతరేకులు ఇంట్లో వండుకుంటే నిశ్చింత. బొబ్బట్లు, కాజాలు కుదరవు.

అపోహ: మాల్ట్ అంటే బలం

రాగులు మొలకెత్తించి ఇంట్లో చేసిన పొడిని రాగి మాల్ట్ అంటాం, అందులో ఇబ్బంది లేదు. డబ్బాల మీద ఒట్టి "మాల్ట్" అని ఉంటే అది చాలావరకు బార్లీ మాల్ట్. హార్లిక్స్‌లాంటి డ్రింకుల్లో, కార్న్‌ఫ్లేక్స్‌లో, కొన్ని చాక్లెట్లలో ఉండేది అదే. వేసవిలో చలవకనీ, మూత్రంలో మంటకనీ తాగే బార్లీ నీళ్లదీ అదే దారి. ఈ ఒక్కటీ చెప్పడం అందరూ మరిచిపోతారు. మంచూరియాలో వేసే సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. రాగి బిస్కెట్టు, మల్టీగ్రెయిన్ ఆటా వంటివి పేరు చూసి కొనకండి, జాబితాలో మొదటి పదార్థం మైదానో గోధుమో అయి ఉంటుంది.

అపోహ: ప్రసాదం కదా, చిటికెడే కదా

అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు. ఇళ్లలో సత్యనారాయణ వ్రతం ప్రసాదం కూడా గోధుమ రవ్వదో బొంబాయి రవ్వదో. తిరుపతి లడ్డూ శనగపిండిది. గోధుమ ప్రసాదమైతే కళ్లకద్దుకుని పక్కవాళ్లకు ఇవ్వండి, కొబ్బరి ముక్క, అరటిపండు మీరు తీసుకోండి. చర్చిలో రొట్టె తీసుకునేవాళ్లు పాస్టరుగారితో ముందే మాట్లాడుకోవాలి.

అపోహ: ఇంట్లో అందరూ గోధుమ మానాలి

అక్కర్లేదు. కొన్ని వస్తువులు మాత్రం విడిగా ఉండాలి: పెనం, జల్లెడ, చపాతీ పీట, అప్పడాల కర్ర, చెక్క గరిటెలు, గిన్నెలు తోమే పీచు, నూనె మూకుడు. ఇనుప పెనం ఎంత తోమినా రంధ్రాల్లో పాత పిండి నిలిచిపోవచ్చు. స్టీలు, గాజు పాత్రలు సబ్బుతో బాగా తోమితే చాలు. శానిటైజరుతో చేతులు తుడిస్తే గ్లూటెన్ పోదు, సబ్బు నీళ్లు కావాలి. సీలియాక్ ఉన్నవాళ్ల వంట ముందు చేయండి, చపాతీలు తర్వాత. పొడి పిండి జల్లించినప్పుడు గాలిలో లేచి పక్కన మూతలేని గిన్నెలో పడుతుంది. పచ్చడి, జామ్, వెన్న వాళ్లవి విడిగా తీసి రంగు టేపు అంటించండి. చపాతీ తుంచిన చేత్తో ఆవకాయ జాడీలో చెయ్యి పెడితే జాడీ మొత్తం పోయినట్టే.

అపోహ: ఓట్స్ తినొచ్చు, గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉంటే ఎంతైనా తినొచ్చు

మామూలు ఓట్స్ పొలంలోనూ మిల్లులోనూ గోధుమ, బార్లీలతో కలిసిపోతాయి. గ్లూటెన్ ఫ్రీ ముద్ర ఉన్న ఓట్స్ అయినా మొదటి ఆరు నెలలు, ఏడాది ఆగి, యాంటీబాడీలు దిగాక కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. కొద్దిమందికి ఓట్స్ ప్రోటీన్ కూడా పడదు. మన దేశంలో ఆ ముద్రకు హద్దు కిలోకు 20 మిల్లీగ్రాముల గ్లూటెన్. ఆ బిస్కెట్లలో ఎక్కువగా ఉండేది బియ్యపు గంజి, చక్కెర, నూనె, పీచు తక్కువ. పేగు మానాక తిన్నది ఒంటబడుతుంది కాబట్టి వాటితో బరువు ఇట్టే పెరుగుతుంది. మాకైతే ఆ డబ్బుతో పెసలు, గుడ్లు, తోటకూర కొనుక్కోవడమే మేలనిపిస్తుంది.

అపోహ: పాలు కూడా జీవితాంతం మానాలి

పాలలోని లాక్టోజును అరిగించే ఎంజైము పేగు లోపలి గోడ మీద చిన్న వేళ్లలా ఉండే చూషకాల కొసల్లో తయారవుతుంది. ఆ కొసలు అరిగిపోయినన్నాళ్లే ఇబ్బంది. రెండు మూడు నెలలు పెరుగు, మజ్జిగతో గడిపి, మళ్లీ అర గ్లాసు పాలతో మొదలుపెట్టి చూడండి.

అపోహ: బాగైపోయింది, ఇక డాక్టరుతో పనేముంది

జబ్బు పిల్లలు పెద్దయితే పోయేది కాదు, మధ్యలో మాత్రతో మానేదీ కాదు. గ్లూటెన్‌ను అరిగిస్తామని అమ్మే ఎంజైమ్ క్యాప్సూల్స్ వేసుకుని చపాతీ తినడం కుదరదు. టీటీజీ పరీక్ష ఆర్నెల్లకు, ఏడాదికి, ఆపై ఏడాదికోసారి. ఐరన్, బీ12, ఫోలేట్, విటమిన్ డీ, థైరాయిడ్ కూడా చూడాలి, పెద్దవాళ్లకు ఎముకల సాంద్రత పరీక్ష. టీటీజీ సంఖ్య తగ్గడం ఆగిపోతే కొత్త మందు అడిగే ముందు ఇంగువ డబ్బా, పిండి మర, ఆఫీసు క్యాంటీను వెతకండి.

అమ్మానాన్నలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా ఒకసారి టీటీజీ చేయించుకోవాలి. వాళ్లలో పదిమందిలో ఒకరి దాకా జబ్బు ఉండే అవకాశం ఉంది, లక్షణాలు లేకుండానే. ఆ పరీక్ష అయ్యేదాకా వాళ్లు మాత్రం గోధుమ మానకూడదు.