బంధం తెగితే శక్తి వస్తుందా?

ఒంగోలులో ఇంటర్ బైపీసీ చదివే అమ్మాయి అడిగింది: "బండలాగుడు పోటీలో ఎద్దు కండకు శక్తి, ఏటీపీలో ఫాస్ఫేట్ బంధం తెగితే వస్తుందని జువాలజీలో చెప్పారు. ఏ బంధం తెగాలన్నా శక్తి పెట్టాలని కెమిస్ట్రీలో చెప్పారు. ఏది నమ్మాలి సార్?"

కెమిస్ట్రీనే నమ్మమ్మా. శక్తి బయటికొచ్చేది కొత్త బంధాలు ఏర్పడేటప్పుడే. కణం తన పనులకు శక్తిగా వాడుకునే అణువు ఏటీపీ. అందులో మూడు ఫాస్ఫేట్లు ఋణావేశాలతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. నీటితో చర్య జరిగి చివరిది విడిపోతే ఆ నెట్టుడు తగ్గుతుంది. విడిపోయిన ఫాస్ఫేట్ తన ఆవేశాన్ని ఆక్సిజన్ల మధ్య సర్దుకుంటుంది, నీటి అణువులు దాని చుట్టూ చేరతాయి. తెంపిన ఖర్చు పోను, ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కు 30.5 కిలోజౌళ్లు మిగులుతాయి. ఇంత మంచి సందేహాన్ని "బిట్‌కి ఇలాగే పెట్టు" అని కొట్టిపారేస్తే నాకు నిజంగా కష్టమనిపిస్తుంది.

మిగిలింది కదా అని ఊరికే వదిలేస్తే వేడిగా పోతుంది. అందుకే కాడి కావాలి. గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ తగిలించాలంటే 13.8 కిలోజౌళ్లు పెట్టాలి, ఆ ఎద్దు తనంతట కదలదు. పక్కన ఏటీపీ అనే బలమైన ఎద్దును నిలబెట్టినంత మాత్రాన కూడా కదలదు. హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ రెండింటి మెడ మీదా కాడి వేస్తుంది: ఫాస్ఫేట్‌ను నీటికి చిక్కనివ్వకుండా నేరుగా గ్లూకోజ్‌కు అందిస్తుంది. జోడీ మొత్తం ముందుకే నడుస్తుంది, ఇంకా 16.7 కిలోజౌళ్లు మిగులుతాయి. కాడి ఎద్దుల బలం పెంచదు. ఎంజైమూ అంతే, శక్తిని పుట్టించదు.

కండలో కాడి మయోసిన్ అనే ప్రోటీన్. అది ఆక్టిన్ అనే మరో ప్రోటీన్ పోగును పట్టి లాగితేనే కండ బిగుస్తుంది. ఏటీపీ వచ్చి అతుక్కోగానే మయోసిన్ తల ఆక్టిన్ పోగును వదిలేస్తుంది. ఏటీపీలో చివరి ఫాస్ఫేట్ బంధం తెగినప్పుడు తల వెనక్కి వంగి సిద్ధమవుతుంది. మళ్ళీ పోగును పట్టుకున్నాక, ఫాస్ఫేట్ బయటికి జారేటప్పుడు లాగుతుంది. అంటే బంధం తెగిన క్షణానికీ లాగిన క్షణానికీ మధ్య ఇంకో మెట్టు ఉంది. చనిపోయిన జంతువు బిగుసుకుపోయేది ఏ గాలో సోకి కాదు, పట్టు వదిలించే ఏటీపీ అయిపోయి.

కండలో సిద్ధంగా ఉండే ఏటీపీ కొన్ని సెకన్లకే సరిపోతుంది. బండ కదిలించే తొలి ఊపులో దాన్ని తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్. ఫాస్ఫేట్‌ను వదిలితే దానికి 43 కిలోజౌళ్లు మిగులుతాయి కాబట్టి ఏడీపీకి (ఒక ఫాస్ఫేట్ పోయిన ఏటీపీకి) సులువుగా ఇచ్చేస్తుంది. 1927లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి దాన్ని కనిపెట్టింది మన యల్లాప్రగడ సుబ్బారావే. అదీ తరిగాక కండలో గ్లూకోజ్ నిల్వ అయిన గ్లైకోజెన్ విచ్ఛిన్నం మీద భారం పడుతుంది.