ట్రాక్టర్ బాడుగతో వ్యర్థాన్ని లెక్కగట్టకండి

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలలో వ్యర్థాల లెక్క తీయడం నా పని. సీజన్‌లో ఏ యజమానిని కలిసినా తొక్క, టెంక తోలిన ట్రాక్టర్ బాడుగ రసీదులే ముందు పెడతారు.

అపోహ: వ్యర్థానికి అయ్యే ఖర్చంటే దాన్ని బయటికి తోలే ఖర్చే.

వాస్తవం: కుప్పలో పడినదంతా మనం డబ్బిచ్చి కొని, మాగబెట్టి, కడిగించి, కూలి చెల్లించిన కాయే. రోజుకు 100 టన్నుల తోతాపురి ఆడించే చోట గుజ్జు దిగుబడి 50 శాతం నుంచి 49కి జారితే, రోజూ ఒక టన్ను గుజ్జు, అంటే రెండు టన్నుల కాయ పోయినట్టే. 2025లో ప్రభుత్వం ప్రకటించిన కిలో 12 రూపాయల ధరలో పరిశ్రమ వాటా అయిన 8 రూపాయలనే లెక్కించినా, అది రోజుకు 16,000, నలభై రోజులకు 6,40,000 రూపాయలు. ఆవిరి, కరెంటు ఇందులో కలపలేదు.

ఒక ఫ్యాక్టరీలో పల్పర్ (గుజ్జు తీసే యంత్రం) నుంచి వచ్చిన తొక్కను గుప్పెట పట్టి పిండితే వేళ్ల సందుల్లోంచి గుజ్జు కారింది. టెంక తెల్లబడేదాకా చీకందే పారేయనివ్వని మా అమ్మ గుర్తొచ్చింది. పగలూ రాత్రీ రెండు షిఫ్టులలో వారంపాటు తూకాలు రాస్తే కారణాలు తేలాయి: సగం మాగిన కాయను పండిన కాయతో కలిపి పోస్తున్నారు, పల్పర్ జల్లెడకూ తెడ్లకూ మధ్య సందు అరిగి పెరిగింది. ఫ్యాక్టరీలో దిగిన కాయ తూకంలోంచి కుళ్లు, తొక్క, టెంక, డ్రముల్లోని గుజ్జు తీసివేయగా లెక్కకు అందనిది చాలావరకు గొట్టాలు కడిగిన నీళ్లతో కాలువలోకి పోతోంది. ఆ నీటిని శుద్ధి చేయడానికి మళ్లీ ఖర్చు.

అపోహ: టెంక అమ్ముతున్నాం కాబట్టి నష్టం లేదు.

వాస్తవం: దానికి అంటుకున్న గుజ్జు కూడా టెంక ధరకే పోతోంది.

అపోహ: లెక్క రాస్తే కాలుష్య నియంత్రణ మండలి నోటీసు వస్తుంది.

వాస్తవం: ఈ పుకారు ఎవరు పుట్టించారో గాని, విని విని విసుగొచ్చింది. శుద్ధి చేయని నీటిని బయటికి వదిలితే నోటీసు వస్తుంది గాని, సొంత తూకం పుస్తకానికి ఎందుకు వస్తుంది?

అపోహ: తూకం వేసేది కూలి కోయడానికే.

వాస్తవం: ఈ భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను, కూలి కోత పడినవాళ్లకు ఆ భయం ఉండడం సహజం. ఒకచోట కాయలు ఏరే ఆడవాళ్లు నన్ను చూసి కుళ్లు కాయలను మంచి క్రేట్లలో అడుగున దాచారు. పుస్తకంలో పేర్లు ఉండవని వాళ్ల ముందే మేనేజరు చేత చెప్పించాను. మరునాడు కుళ్లు తూకం పెరిగింది, దాన్నే అసలు లెక్కగా రాసుకున్నాం.