మూరెడు ఎత్తు నుంచి పడిన కారు

"పార్కింగ్‌లో పెడుతుంటే కారు ముందు మూల స్తంభానికి తగిలింది. నడక వేగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. బయటికి కనిపించింది చిన్న సొట్ట. బిల్లు చూస్తే కళ్లు తిరిగాయి. ఈసారి కారు కొనేటప్పుడు ఇలాంటి చిన్న దెబ్బలకయ్యే రిపేరు ఖర్చు కూడా చూసుకోవాలా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

చూసుకోవాలనే నేనంటాను. అయితే దానికంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి, వాటి సంగతి తర్వాత. ముందు నన్ను పట్టి కూర్చోబెట్టింది ఆ "నడక వేగం కన్నా కాస్త ఎక్కువ" అన్న మాట. గంటకు 10 కిలోమీటర్లు అనుకుందాం. అది చిన్న వేగమేనా?

గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని బడిలో అందరం బట్టీ పట్టాం. సూత్రం రాస్తే మార్కులు పడ్డాయి, కానీ ఆ వర్గం అంటే ఏమిటో కళ్లకు కట్టేలా ఎవరూ చూపించలేదు. చూపించడం చాలా తేలిక. ఏ వేగాన్నైనా ఎత్తుగా మార్చేయొచ్చు. సెకనుకు ఎన్ని మీటర్లో చూసి, దాన్ని అదే సంఖ్యతో హెచ్చవేసి, 19.6తో భాగిస్తే చాలు. ఆ వేగంతో గోడను గుద్దడమూ, కారును ముక్కు కిందికి వేలాడదీసి ఆ ఎత్తు నుంచి నేలమీదికి వదిలేయడమూ శక్తి లెక్కలో ఒకటే.

గంటకు 10 కిలోమీటర్లంటే సెకనుకు 2.78 మీటర్లు. లెక్క వేస్తే 39 సెంటీమీటర్లు వస్తుంది. మూరకు కాస్త తక్కువ. టన్నున్నర బరువున్న వస్తువును దాదాపు మూరెడు ఎత్తు నుంచి దాని ముక్కు మీద పడేయండి. సొట్ట పడిందని ఆశ్చర్యపోతామా?

ఈ లెక్క చేతికొచ్చాక నేను ఆగలేకపోయాను. 4 కిలోమీటర్ల వేగం 6 సెంటీమీటర్లు, బెత్తెడు కూడా కాదు. 8 కిలోమీటర్లు జానెడు. 15 కిలోమీటర్లు 89 సెంటీమీటర్లు, అంటే రెండు మూరలు. తీవ్రమైన ప్రమాదాల పరీక్షల్లో చాలాకాలంగా వాడుతున్న 64 కిలోమీటర్ల వేగమైతే 16 మీటర్లు, ఐదంతస్తుల మేడ మీద నుంచి పడినట్టే. మూరెడు ఎత్తు నుంచి పడ్డప్పుడు జేబును, మేడ మీద నుంచి పడ్డప్పుడు ప్రాణాన్ని కాపాడాల్సింది కారుకున్న ఆ ఒకే ముక్కు. రెండు దెబ్బల మధ్య శక్తిలో తేడా 41 రెట్లు.

చట్టాలు కూడా ఈ కొలబద్ద మీద పైకీ కిందికీ తిరిగాయి. అమెరికాలో 1973 మోడల్ కార్ల నుంచి ముందువైపు బంపర్ గంటకు 5 మైళ్ల దెబ్బను తట్టుకోవాలని నియమం పెట్టారు. అది 8 కిలోమీటర్లు, జానెడు. 1982లో దాన్ని రెండున్నర మైళ్లకు తగ్గించారు. వేగం సగమే తగ్గినట్టు అనిపిస్తుంది గానీ, ఎత్తు జానెడు నుంచి బెత్తెడులోపుకు, నాలుగో వంతుకు దిగిపోయింది. బరువైన బంపర్‌కయ్యే ఖర్చు, దాన్ని మోయడానికి కాలే ఇంధనం అప్పటి వాదన. ఆ వాదనలో కొంత నిజముంది. కానీ రిపేరు బిల్లు కట్టే మనిషికి పోయిన ఆ ముప్పావు వంతు లోటుగానే మిగిలింది.

ఎత్తు లెక్కలో ఇంకో సుఖముంది. పడిన ఎత్తును నలిగిన దూరంతో భాగిస్తే, కారు మీద సగటున దాని బరువుకు ఎన్ని రెట్ల బలం పడిందో తేలిపోతుంది. 39 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడి 10 సెంటీమీటర్లు నలిగి ఆగితే నాలుగు రెట్లు. టన్నున్నర కారుకు దాదాపు 6 టన్నులు. అదే 4 సెంటీమీటర్లలో ఆగాల్సి వస్తే పది రెట్లు, 15 టన్నులు! నలగడానికి చోటు లేని కారు ఎంత గట్టిదైతే అంత బలాన్ని వెనక భాగాలకు పంపిస్తుంది. స్తంభానికి బదులు, బ్రేకు వేయకుండా ఆగి ఉన్న అంతే బరువు కారును గుద్దితే? ఆ కారు కూడా కదులుతుంది కాబట్టి శక్తిలో సగమే నలగడానికి పోతుంది. అదీ ఇద్దరూ పంచుకుంటారు. ఒక్కొక్కరి వంతుకు 10 సెంటీమీటర్ల ఎత్తే వస్తుంది. కదలని స్తంభం చేసే నష్టం, కదిలే కారు ఎందుకు చేయదో ఇక్కడే తేలిపోయింది.

బంపర్ విప్పిన ఒక కారును షెడ్డులో దగ్గరగా చూశాను. బయట మనకు కనిపించేది క్లిప్పులతో పట్టి ఉన్న ప్లాస్టిక్ తొడుగు, అది ముఖానికి రంగు లాంటిది. దాని వెనక థర్మోకోల్‌లా కనిపించే నురగ దిమ్మ, నొక్కితే మళ్లీ లేస్తుంది. దాని వెనక అడ్డంగా లోహపు దూలం. ఆ దూలానికి రెండు చివర్లా అరచేతిలో పట్టేంత లోహపు పెట్టెలు, నట్లతో బిగించి ఉన్నాయి. ఎడమ పెట్టె హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ముడుచుకుపోయింది. దాని వెనకే కారుకు వెన్నెముక లాంటి చాసిస్ కమ్మీ. దాని మీద పెయింటు కూడా చెక్కు చెదరలేదు.

ఆ పెట్టె చేసింది ఇంట్లో ఫ్యూజు చేసే పనే. ఫ్యూజు తీగ సన్నగా ఉండేది ముందు అదే కాలిపోవాలని. ఈ పెట్టె కూడా వెనకున్న కమ్మీ వంగే బలం కంటే తక్కువ బలానికే లొంగేలా చేస్తారు. మడత ఎక్కడ మొదలవ్వాలో చెప్పడానికి అంచుల మీద ముందే చిన్న నొక్కులు వేస్తారు. ఆర్‌సీఏఆర్ అనే, కార్ల రిపేర్ల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ మండలి కారును 15 కిలోమీటర్ల వేగంతో, ముందు భాగంలో 40 శాతం మాత్రమే తగిలేలా, కొద్దిగా వాలుగా ఉన్న అడ్డంకికి గుద్దించి చూస్తుంది. రెండు మూరల ఎత్తు నుంచి ఒక భుజం మీద పడినట్టన్నమాట. ఆ దెబ్బకు ఫ్యూజు మాత్రమే పోయి కమ్మీ మిగిలితే మంచి డిజైను. నట్లు విప్పి కొత్త పెట్టె బిగిస్తే పనైపోతుంది. పెట్టెను కమ్మీకి వెల్డింగ్ చేసి ఉంటే కోయాలి, అతకాలి, కొలతలు సరిచూడాలి. దెబ్బ కమ్మీ దాకా పోయి, అది గట్టి బోరాన్ ఉక్కుదైతే ఇంకా కష్టం. మామూలు రేకు బలం 300 మెగాపాస్కల్ చుట్టుపక్కల ఉంటే దీనిది 1500. వేడిచేసి సాగదీస్తే ఆ బలం పోతుంది కాబట్టి సరిచేయడం ఉండదు, మార్చడమే.

మరి పాఠకురాలి స్తంభం ఎక్కడ తగిలింది? మూలన. చాలా కార్లలో దూలం మూలదాకా రాదు. అక్కడ తొడుగు, దాని వెనక లైటు, వాటి మధ్య ఖాళీ, అంతే. ఫ్యూజు ఉన్న దారిలో కరెంటు పోకపోతే ఫ్యూజు ఏం చేస్తుంది? తిన్నగా 10 కిలోమీటర్ల దెబ్బను ఓర్చుకున్న కారు, మూలన 5 కిలోమీటర్ల దెబ్బకు, అంటే నాలుగో వంతు శక్తికే, లైటూ ఫెండరూ పోగొట్టుకోవడం ఇందుకే. లైటును పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవి ఒకటి విరిగినా, చాలా ఎల్‌ఈడీ లైట్లలో మొత్తం దీపమే మార్చాల్సి వస్తుంది.

ఇప్పుడు ఆ తొడుగు కూడా ఉత్త తొడుగు కాదు. దాని వెనక, ఎదుటి బండిని కనిపెట్టే రాడార్ ఉంటోంది, చాలావాటిలో 77 గిగాహెర్ట్జ్‌ది. ఆ తరంగం పొడవు గాలిలో 3.9 మిల్లీమీటర్లు, బంపర్ ప్లాస్టిక్‌లో సుమారు రెండున్నర. తొడుగు మందం ఆ పొడవులో సగానికి గుణిజంగా ఉంటే ముందు ముఖం నుంచి, వెనక ముఖం నుంచి వెనక్కి తిరిగే తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, రాడార్‌కు తొడుగు కనబడనట్టే ఉంటుంది. సొట్ట తీసి అర మిల్లీమీటరు లప్పం పూస్తే ఆ పొందిక చెడుతుంది. లోహపు రజను కలిసిన రంగు మందంగా కొట్టినా అంతే. బిగించేటప్పుడు రాడార్ ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్ల తేడా, అంటే మూడున్నర మీటర్ల లేనులో సగం. అందుకే బిల్లులో "క్యాలిబ్రేషన్" అని ఒక వరుస ఉంటుంది. దాన్ని అనవసరమని కొట్టేయించకండి.

ఇదంతా విన్నవాళ్లు "పాత కార్లే నయం, ఇనుము ఇనుమే" అంటారు. బానెట్ మీద వేళ్లతో కొట్టి, తలుపు వేసిన శబ్దం విని కారు బలం చెప్పేస్తారు. ఇది మూఢనమ్మకమే, దాన్ని ఊరికే వదలకూడదు, ఎందుకంటే ప్రాణాలు తీస్తుంది. 2009లో అమెరికాలో రోడ్డు భద్రతను పరిశోధించే ఐఐహెచ్‌ఎస్ సంస్థ 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవర్లే మాలిబూను ఎదురెదురుగా గంటకు 40 మైళ్ల వేగంతో, ముందు భాగాలు కొంతమేరే తగిలేలా గుద్దించింది. పాత కారులో డ్రైవరు కూర్చునే గదే కూలిపోయింది. కొత్తదానిలో ముక్కు నలిగి, గది నిలిచింది.

అందుకే వరుస గురించి అన్నాను. మేడ మీద నుంచి పడ్డా మనిషిని మిగిల్చే కారా అన్నది మొదట. తనంతట తాను బ్రేకు వేసుకునే వ్యవస్థ ఉందా అన్నది రెండోది. ముందున్న బండిని వెనక నుంచి గుద్దే ప్రమాదాలను అది సుమారు సగానికి తగ్గించిందని అదే ఐఐహెచ్‌ఎస్ అధ్యయనం తేల్చింది. రాడార్ ఖరీదని రాడార్ లేని కారు ఎంచుకోవడం నాకు తప్పుగా తోస్తుంది. ఈ రెంటిలోనూ సమానంగా నిలిచిన కార్ల మధ్య తేల్చుకోవాల్సి వస్తే, అప్పుడు రిపేరు ఖర్చును గట్టిగా పట్టించుకోండి. ఇరుకు సందుల్లో, కిక్కిరిసిన పార్కింగుల్లో రోజూ తిప్పేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. చిన్న దెబ్బలు జీవితంలో ఒకటితో ఆగవు.

షోరూమ్‌కి వెళ్లినప్పుడు కారు మూలన మోకాళ్ల మీద కూర్చోండి. లైటు బంపర్ కన్నా ముందుకు పొడుచుకొచ్చిందా? దూలం ఎంతవరకు వస్తుంది, పెట్టెలు నట్లతో ఉన్నాయా, వెల్డింగ్‌తోనా అని సర్వీసు వాళ్లను అడగండి. తర్వాత వెనక్కి వెళ్లండి. డిక్కీ తలుపుకు ఒక స్కేలు నిలువుగా ఆనించి కిందికి దించండి. బంపర్ పైఅంచు ఆ స్కేలుకు అడ్డం తగిలితే గోడ ముందు బంపర్‌కే తగులుతుంది. స్కేలు బంపర్‌ను దాటి నేరుగా దిగిపోయిందంటే తలుపే ముందు. స్టెప్నీ వెనక తలుపుకే తగిలించి ఉంటే గోడకు ముందు అందేది ఆ చక్రం, ఆ తర్వాత తలుపు, దాని అద్దం. బంపర్‌కు ఆ దెబ్బ సంగతి తెలియను కూడా తెలియదు.