ఒక్కపొద్దు ఉంటే మనసు తేటపడుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో ఉపవాసం గురించి ఎవరికీ కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. పెరటాసి శనివారాలు, కార్తీక సోమవారాలు, శివరాత్రి, వైకుంఠ ఏకాదశి, రంజాన్ రోజాలు, ఆడికృత్తిక కావడి మొక్కులు... చిత్తూరు వైపు ఏడాది పొడవునా ఎవరో ఒకరు పస్తు ఉంటూనే ఉంటారు. ప్రకృతి వైద్యుడిగా నన్ను అడిగే ప్రశ్నలే ఈమధ్య మారాయి. ఒకప్పుడు 'ఎంత బరువు తగ్గుతాం సార్?' అనేవారు. ఇప్పుడు 'మూడు రోజులు ఉత్త నీళ్ల మీద ఉంటే మైండ్ క్లియర్ అవుతుందట కదా, మనల్ని మనం తెలుసుకోవచ్చట కదా' అంటున్నారు. ఎక్కువగా వీడియోలు చూసి వచ్చే కుర్రవాళ్లే. ఉపవాసాలు చేయించడం నా వృత్తిలో భాగం, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అయితే లేని మహిమలు అంటగట్టడం వల్ల ఉన్న మేలు కూడా చేజారుతోంది.

అపోహ: తిండి మానేస్తే మెదడు పదునెక్కుతుంది

ఇందులో కొంత నిజముంది. మెదడు మన బరువులో 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ కావాలి. కాలేయంలో గ్లూకోజ్ నిల్వగా ఉండే గ్లైకోజెన్ 100 గ్రాముల వరకే. చివరి భోజనం తర్వాత 12 నుంచి 24 గంటల్లో అది చాలావరకు అయిపోతుంది. అప్పుడు కాలేయం కొవ్వును కీటోన్లుగా మార్చి మెదడుకు పంపుతుంది. రోజులు గడిచేకొద్దీ మెదడుకు కావాల్సిన శక్తిలో పెద్ద భాగం వాటి నుంచే వస్తుంది. మరోపక్క, ఒంటిని అప్రమత్తం చేసే హార్మోన్ నార్‌అడ్రినలిన్ పెరుగుతుంది. ఆకలిగా ఉన్నప్పుడు తిండి వెతుక్కోవాలి కాబట్టి శరీరం మనల్ని మేలుకొలిపి ఉంచుతుంది. ఆ మెలకువనే మనం పదును అనుకుంటాం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఒక పూటో ఒక రోజో మానేస్తే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షల్లో పెద్దగా పెరుగుదలా కనిపించదు, తరుగుదలా కనిపించదు.

మరి ఉపవాసం రోజు తేలిగ్గా అనిపించే మాట నిజమే కదా అంటారా? నిజమే. రోజూ మధ్యాహ్నం రెండు ముద్దల సంగటో, విస్తరి నిండా అన్నమో తిని రెండున్నరకు కునుకు తీసేవాళ్లకు, ఆ పూట తినకపోతే కునుకు రాదు. ఆ తేలికదనంలో సగం మధ్యాహ్నం తినని అన్నానిదే. అలాంటివారికి నేను ఉపవాసం చెప్పను, పళ్లెంలో అన్నం సగానికి తగ్గించి కూర పెంచమంటాను.

అపోహ: మొదటి రోజు తలనొప్పి అంటే ఒంట్లో విషాలు బయటికి పోతున్నట్టు

కాదు, చాలామందికి అది కాఫీ తలనొప్పి. పొద్దున, పదకొండుకి, సాయంత్రం ఫిల్టర్ కాఫీ తాగే ఊరు మనది. ఒక్కసారిగా ఆపేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై, ఒకటి రెండు రోజుల్లో బాగా ఎక్కువవుతుంది. దానికి తోడు ఉపవాసంలో ఇన్సులిన్ తగ్గగానే మూత్రపిండాలు ఉప్పును, దాంతోపాటు నీటిని ఎక్కువగా వదిలేస్తాయి. తల తిరగడం, నీరసం అందుకే. విషాల సంగతి కాలేయం, మూత్రపిండాలు రోజూ చూసుకుంటూనే ఉంటాయి, వాటికి ఏకాదశి దాకా ఆగే అలవాటు లేదు. ఉపవాసం అనుకున్నవాళ్లు వారం ముందు నుంచే కాఫీ కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

అపోహ: రెండో మూడో రోజు వచ్చే ఆనందమే ఆత్మజ్ఞానం

అన్నిటికంటే ఎక్కువసేపు నేను మాట్లాడేది దీని గురించే. దీర్ఘ ఉపవాసంలో కొందరికి రెండు మూడు రోజుల తర్వాత ఆకలి మందగించి ఒక రకమైన ఉత్సాహం వస్తుంది. నిద్ర తగ్గుతుంది, అంతా స్పష్టంగా ఉన్నట్టు ఉంటుంది. ఉద్యోగం మానేయాలనీ, పెళ్లి సంబంధం వద్దనీ అప్పుడే తేల్చేస్తారు. పైన చెప్పిన కీటోన్లు, నార్‌అడ్రినలిన్, నిద్రలేమి కలిసి ఇచ్చే అనుభూతి అది. అనుభూతి అబద్ధం కాదు, కానీ ఆ సమయంలో తట్టిన ఆలోచన సరైనదని అది పూచీ ఇవ్వదు. మామూలుగా భోజనం చేయడం మొదలుపెట్టి వారం గడిచాక కూడా అదే నిర్ణయం అనిపిస్తే అప్పుడు చూసుకోవచ్చు. అందాకా ఎవరికీ రాజీనామా పంపొద్దు.

ఆకలి మరీ సాగితే ఏమవుతుందో 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో అన్సెల్ కీస్ బృందం చూసింది. 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు తమంతట తామే ముందుకొచ్చి 24 వారాలు అర్ధాకలితో గడిపారు. పూర్తి ఉపవాసం కాదది, తిండి బాగా తగ్గించడం. వాళ్లకు మనసు తేటపడలేదు. చిరాకు, దిగులు పెరిగాయి. నిద్రలో మెలకువలో తిండి ఆలోచనలే. కొందరైతే వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. భగవద్గీత రెండో అధ్యాయం 59వ శ్లోకం ఈ సంగతే చెబుతుంది: ఆహారం మానినవాడి నుంచి విషయాలు తప్పుకుంటాయి గానీ వాటి మీది రుచి మిగిలే ఉంటుంది. ఆరో అధ్యాయంలో, అతిగా తినేవాడికీ బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని ఉంది. ఉపవాసాన్ని ఆత్మజ్ఞానానికి అడ్డదారిగా చూపేవాళ్లు ఈ రెండు శ్లోకాలనూ దాటేస్తుంటారు.

మరి మనల్ని మనం తెలుసుకోవడానికి ఉపవాసం ఏమీ పనికిరాదా? పనికొస్తుంది, చాలా చిన్న స్థాయిలో. రోజూ ఎనిమిదిన్నరకు టిఫిన్ తినే మనిషికి ఆ వేళకు గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ పెరుగుతుంది. తినకపోయినా కాసేపటికి దానంతట అదే తగ్గుతుంది. ఆకలి పెరుగుతూనే పోతుందని భయపడే మనిషి, అది వచ్చి వెళ్లిపోవడాన్ని మొదటిసారి చూస్తాడు. ఒక్కపొద్దు రోజు చిన్న నోటుబుక్ దగ్గర పెట్టుకోమంటాను. తినాలనిపించిన ప్రతిసారీ టైము, కడుపులో ఎలా ఉంది, దానికి ముందు ఏం జరిగింది రాయాలి. పోయిన నెల ఒకావిడ అలాగే రాసుకొచ్చింది. ఆమె బిస్కెట్ డబ్బా వైపు వెళ్లిన వేళలకూ కడుపుకూ సంబంధమే లేదు. ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిన ప్రతిసారీ వెళ్లింది. ఆకలి కాదు, టెన్షన్. ఇది కనిపెట్టడానికి మూడు రోజులు నీళ్ల మీద ఉండక్కర్లేదు, ఒక శనివారం చాలు. పొద్దస్తమానం రీల్స్ చూస్తూ పస్తుంటే మాత్రం నెల రోజులున్నా నోటుబుక్‌లో ఏమీ పడదు.

అపోహ: అన్నం తినకపోతే ఉపవాసమే

మొక్కు లెక్కలో కావచ్చు, ఆ విషయంలో మీ అవ్వ మాటే వేదం. ఒంటి లెక్కలో మాత్రం రాత్రికి నాలుగు ఇడ్లీలు, ఉప్మా, అరటిపండ్లు, సగ్గుబియ్యం పాయసం తింటే అది ఉపవాసం కాదు, మెనూ మార్చడం.

అపోహ: నీళ్లు కూడా మానేస్తే ఫలితం ఎక్కువ

నిర్జలంలో ముందు దెబ్బతినేది ఏకాగ్రతే. ఒంట్లో నీరు కొంచెం తగ్గినా తలనొప్పి, అలసట, ధ్యాస నిలవకపోవడం మొదలవుతాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో నీళ్లు తాగకుండా అలిపిరి మెట్లెక్కడం నాకు నచ్చని విషయం. 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2,388 మాత్రమే అయినా నిటారుగా ఉంటుంది. ఖాళీ కడుపుతో వెళ్తామని మొక్కుకుంటే సరే, నీళ్లు, కాస్త ఉప్పు వేసిన మజ్జిగ తాగుతూ వెళ్లండి. గుండె జబ్బు ఉన్నవారు డాక్టర్‌ని అడక్కుండా అసలు మొదలుపెట్టొద్దు.

అపోహ: ఎన్ని రోజులైతే అంత మంచిది, పాత కణాలన్నీ శుభ్రమైపోతాయి

ఆటోఫజీ గురించిన మాట ఇది. కణాలు తమలోని పాడైన భాగాలను తామే విడగొట్టి వాడుకునే ఏర్పాటు నిజంగా ఉంది. దాని గుట్టు విప్పిన జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. ఆయన ముఖ్యంగా పనిచేసింది ఈస్ట్ కణాల మీద. మనిషి ఇన్ని గంటలు పస్తుంటే మెదడు ఇంత శుభ్రపడుతుందనే లెక్కకు ఆధారం లేదు. వీడియోల్లో కనిపించే గంటల పట్టికలు చూసి నేనెవరికీ ఉపవాసం చేయించను.

అపోహ: డిప్రెషన్‌కి ఉపవాసమే మందు

లంఖణం పరమౌషధం అనే సామెతను జ్వరం దాటించి మానసిక వ్యాధుల దాకా లాగకూడదు. దిగులుతో ఇప్పటికే తిండి తగ్గిపోయిన మనిషిని ఇంకా పస్తు పెట్టడం ప్రమాదం. బైపోలార్ (మనసు అతి ఉత్సాహానికీ దిగులుకూ మధ్య ఊగే జబ్బు) ఉన్నవారికి శివరాత్రి జాగరణ లాంటి నిద్రలేమి ఉన్మాద దశను రేపగలదు. ఆ జబ్బుకు ఇచ్చే లిథియం మాత్రలు వాడేవారికి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో మందు మోతాదు పెరిగి విషమవుతుంది. షుగర్ జబ్బుకు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవారికి షుగర్ పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలతో, షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోయాసిడోసిస్ (కీటోన్లు మితిమీరి రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం) రావచ్చు. వీళ్లు మాత్రలు సొంతంగా ఆపకూడదు, మందులు రాసిన డాక్టర్‌తో ముందే మాట్లాడాలి. గర్భిణులకు, పిల్లలకు, తిండి విషయంలో మానసిక రుగ్మత ఉన్నవారికి ఉపవాసం వద్దనే చెబుతాను.

అపోహ: ఉపవాసం అయిపోయాక ఏం తిన్నా పర్వాలేదు

ఒక్కరోజు ఒక్కపొద్దుకు పెద్ద ఇబ్బంది లేదు, నెయ్యి కారే పొంగలి, వడలతో మొదలుపెడితే కడుపుబ్బరం మాత్రం మీదే. ఐదు రోజులు, అంతకు మించి దాదాపు ఏమీ తినకుండా ఉన్నవారికి సంగతి వేరు. ఒక్కసారిగా పిండిపదార్థం పడితే ఇన్సులిన్ ఎగసి రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అన్ని రోజులు ఎవరి పర్యవేక్షణా లేకుండా ఉండి వచ్చినవాళ్లను నేను ఇంటికి పంపను, ముందు ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయిస్తాను. మామూలు ఏకాదశి తర్వాత ద్వాదశి పొద్దున పారణకైతే పలచని రాగి అంబలిలో మజ్జిగ కలుపుకుని ఒక గ్లాసు, గంట ఆగి రెండు ఇడ్లీలు. కాఫీ ఆ తర్వాతే.