గట్టి క్యాంపులో వేస్తే పిల్లవాడు దారికొస్తాడా? అపోహలు - వాస్తవాలు

దసరా సెలవులు అయిపోయి పిల్లలు హాస్టళ్లకు తిరిగి వెళ్లే రోజులు వచ్చాయంటే హనుమకొండలో మా క్లినిక్ ముందు ఒకే రకం కుటుంబాలు కూర్చుంటాయి. కొడుకు కాలేజీకి పోనంటాడు. రాత్రి రెండింటి దాకా ఫోను. ఏమన్నా అంటే తలుపు వేసుకుంటాడు, లేదా చేతికందింది విసురుతాడు. వాళ్లు కౌన్సెలింగ్ అడగరు. "మేడం, వాడు మా చేతుల లేడు. మిలిటరీ లెక్క గట్టిగ ఉండే క్యాంపు ఏదన్న ఉంటె చెప్పుండ్రి, అప్పు చేసైనా పంపుతం" అంటారు. ఆ తల్లి కళ్లు చూస్తే ఎన్ని రాత్రులుగా నిద్ర లేదో తెలుస్తుంది. వాళ్ల మీద నాకు కోపం లేదు. "మావాణ్ణి వేసినం, నాలుగు నెలల్ల సక్కగయ్యిండు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ల మీద మాత్రం ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే: భయం పెడితే మారతాడు.

క్యాంపులో పొద్దున ఐదింటికి లేస్తాడు, పరుగెత్తుతాడు, ఎదురు మాట్లాడడు. నిజమే. అక్కడ ఫోను లేదు, దోస్తులు లేరు, లేవకపోతే దెబ్బలు. అక్కడ కనిపించే ఆ క్రమశిక్షణ ఆ గోడల వల్ల వచ్చింది. గోడ దాటి ఇంటికొచ్చాక అదే గది, అదే ఫోను, అదే దోస్తులు, తండ్రితో అదే గొడవ. వాటిలో ఏదీ మారలేదు కాబట్టి కొన్ని వారాల్లో కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఈసారి ఒకటి అదనం: "నన్ను మోసం చేసి పడేసిన్రు" అనే మాట. ఇంకొకటి కూడా ఉంది. కష్టాల్లో ఉన్న పిల్లలందరినీ ఒకే చోట కుప్పగా పెడితే వాళ్లు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారు. సిగరెట్ మాత్రమే తెలిసి వెళ్లిన పిల్లవాడు గంజాయి ఎవరి దగ్గర దొరుకుతుందో తెలుసుకొని వచ్చిన సందర్భాలు నేను చూశాను.

ఈ పద్ధతి పుట్టింది అమెరికాలో. 1983లో జార్జియా, ఒక్లహోమా రాష్ట్రాల జైళ్లలో మొదలై తర్వాత పిల్లలకూ పాకింది. ఆ క్యాంపులకు వెళ్లినవాళ్లనూ వెళ్లనివాళ్లనూ పోల్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే, మళ్లీ నేరం చేయడంలో తేడా కనిపించలేదు. 2006లో ఫ్లోరిడాలో 14 ఏళ్ల అబ్బాయి క్యాంపులో చేరిన మొదటి రోజే గార్డుల చేతుల్లో కుప్పకూలి మర్నాడు చనిపోయాడు. ఆ రాష్ట్రం అదే ఏడాది అలాంటి క్యాంపులను ఎత్తేసింది. వాళ్లు వదిలించుకున్న పద్ధతిని ఇక్కడ మనం ఫీజు కట్టి కొనుక్కుంటున్నాం.

పరకాల వైపు నుంచి ఒక పత్తి రైతు కొడుకును తీసుకొచ్చాడు. (గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను.) అంతకుముందే, వేములవాడ దర్శనానికని కారెక్కించి, వేరే జిల్లాలో ఒక సెంటర్‌లో దింపి వచ్చారు. తిరిగొచ్చాక పిల్లవాడు చాలా నెమ్మది అయ్యాడని మొదట సంతోషపడ్డారు. నా దగ్గరికి ఎందుకొచ్చారంటే, తండ్రి గొంతు కాస్త పెరిగితే చాలు, తింటున్నవాడు తింటున్నట్టే లేచి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నాడు. తండ్రి బండెక్కమంటే ఎక్కడు. ఆ పిల్లవాడితో మాట కలపడానికే నాకు చాలా కాలం పట్టింది. చివరికి బయటపడిన సంగతి ఇంత: పదో తరగతి దాకా ఊళ్లో సర్కారు బడిలో తెలుగు మీడియం. ఇంటర్‌లో ఇంగ్లీష్ మీడియం ఎంపీసీ. ఫిజిక్స్ క్లాసులో ఒక్క ముక్క అర్థం కాలేదు. వారం వారం టెస్టు మార్కులు అందరి ముందు చదివేవారు. అందుకే కాలేజీ ఎగ్గొట్టాడు, ఎగ్గొట్టింది దాచడానికి అబద్ధాలు, అబద్ధాలు దాచడానికి గొడవలు. క్యాంపుకు పంపే ముందు ఎవరైనా కూర్చోబెట్టి "క్లాసుల ఏమైతుంది బిడ్డా" అని అడిగి ఉంటే ఈ పిల్లవాడికి ఆ నెలలు అవసరమే లేదు. ఇప్పుడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేస్తున్నాడు. తండ్రితో మాటలు ఇంకా అంతంత మాత్రమే.

అందుకే పంపాలా వద్దా అనే ప్రశ్నకన్నా ముందు, ఎందుకిలా ఉన్నాడో తేల్చండి. ఈ వయసు మగపిల్లల్లో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కాదు, కోపంగా కనిపిస్తుంది. చదువులో వెనకబాటు, హాస్టల్‌లో సీనియర్ల వేధింపు, ఎవరో చేసిన లైంగిక వేధింపు, మత్తు, ఇంట్లో తాగుడు... బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, దేని చికిత్స దానిదే. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. అంతదాకా రాలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మిగతా అపోహలు త్వరగా చెప్తాను. "సైనిక్ స్కూల్‌లో వేస్తే సరిపోతుంది" అంటారు. అక్కడ 6, 9 తరగతులకు ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకోవాలి. అది చదివే పిల్లల బడి, చెడిపోయారనుకున్న పిల్లలను బాగుచేసే చోటు కాదు. "సైకియాట్రిస్ట్ దగ్గరికి పోతే జీవితాంతం మందులే" అనేది వట్టి పుకారు. నా దగ్గరికి వచ్చే చాలామంది పిల్లలకు మందే అవసరం పడదు. "గంజాయి సంగతి డాక్టర్‌కు చెప్తే పోలీస్ కేసు అవుతుంది" అనే భయంతో దాచి పిల్లలను మరింత లోతుకు నెట్టుకుంటున్నారు. డాక్టర్ మీ పిల్లవాణ్ణి పోలీసులకు పట్టివ్వడు. పైగా మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్, వాడకం వరకే ఉన్న కేసులో తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వచ్చిన వ్యక్తికి విచారణ నుంచి రక్షణ ఇస్తుంది.

ఇంటికి దూరంగా ఉంచాల్సిన పరిస్థితి అసలు రాదా? వస్తుంది. చనిపోతానని ప్రయత్నించినప్పుడు, మత్తు మానితే ఒళ్లు తట్టుకోలేనప్పుడు, ఇంట్లో వాళ్ల ప్రాణానికే ముప్పు ఉన్నప్పుడు. అప్పుడు వెళ్లాల్సింది ఆసుపత్రికి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లను చేర్చుకోవాలంటే ఇద్దరు సైకియాట్రిస్టులు, లేదా ఒక సైకియాట్రిస్టుతో పాటు మరో నిపుణుడు విడిగా పరీక్షించి అవసరమని తేల్చాలి. పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు. తల్లో తండ్రో, వాళ్లు నియమించిన మనిషో చేరిన రోజు నుంచి వెంట ఉండాలి. చేర్చిన సంగతి 72 గంటల్లో ఆ చట్టం కింద ఏర్పడ్డ మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలపాలి. ఏ సెంటర్ వాళ్లయినా "మూడు నెలలు కలవొద్దు, ఫోన్ చేయొద్దు, అప్పుడే ట్రీట్‌మెంట్ పని చేస్తుంది" అన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. రాత్రిపూట వ్యాన్ పంపి ఎత్తుకొస్తాం అనేవాళ్ల ఫోన్ నంబర్ కూడా దగ్గర ఉంచుకోవద్దు.

ఇప్పటికే పంపి ఉంటే ఈ ఆదివారమే, చెప్పకుండా వెళ్లండి. ఆఫీస్ రూంలో సిబ్బంది ముందు కాదు, బయట చెట్టు కిందో, బండి దగ్గరో ఒంటరిగా మాట్లాడండి. చేతులు, వీపు చూడండి. తిండి, నిద్ర గురించి అడగండి, చదువు ఊసెత్తొద్దు. కొట్టారంటే వెంట తీసుకొచ్చేయండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లల బాధ్యత తీసుకున్న సంస్థలో పనిచేసేవాళ్లు వాళ్లను హింసిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు ఉంది. కట్టిన ఫీజు గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.